అమ్మీ గొంతుతో ఏడు శుక్రవారాలు

అమ్మీ పోయిన మూడో రోజు, శుక్రవారం పొద్దున పది గంటలకు ఆమె ఫోను మోగింది. కోరుట్లలో మా అన్న ముదస్సిర్ ఇంట్లో, అమ్మీ గదిలో, ఆమె దుప్పట్లు మడతపెడుతున్నాను. జియారత్‌కు అంటే మూడోనాటి ప్రార్థనలకు వచ్చిన చుట్టాలు ముందుగదిలో కూర్చున్నారు. ఫోను తెర మీద అమ్మీ చిన్ననాటి స్నేహితురాలు కొమురవ్వ ఫొటో, ముక్కుకు ముక్కెర, నుదుట ఇంత బొట్టు. ఎత్తకపోతే మళ్లీ చేస్తుంది. అప్పుడూ ఎత్తకపోతే సిరిసిల్లలో బస్సెక్కి ఇక్కడికే వస్తుంది, అంతటి మనిషి. ఎత్తి "హలో" అన్నాను.

"ఏందే తాహెరా, పోయిన శుక్రారం ఫోనే చెయ్యకపోతివి. పానం మంచిగుందా?"

ఆమె వెనకాల సాంచెల మోత. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. కొమురవ్వ వాళ్ల ముందుగదిలో ఆరు సాంచెలు పొద్దంతా ఆడుతూనే ఉంటాయి. నలభై ఏళ్లు ఆ మోతలో బతికి ఆమె చెవులు సగం పోయాయి. దానికితోడు నాదీ అమ్మీదీ ఒకటే గొంతు. నేను పుట్టింటికి వచ్చినప్పుడు ఫోను చేసినవాళ్లు నన్ను అమ్మీ అనుకుని ఇంటి సంగతులన్నీ చెప్పి పెట్టేసేవాళ్లు.

నేను చెప్పాల్సింది చిన్న మాట. పెద్దమ్మా, నేను గజాలాను, అమ్మీ లేదు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"జరమొచ్చింది కొమురా. ఇప్పుడు నయమే."

కొమురా అని పిలిచేది ప్రపంచంలో అమ్మీ ఒక్కతే. ఆ పిలుపు నా నోటికి ఎలా వచ్చిందో నాకే తెలియదు. కొమురవ్వ గోలీలు వేసుకొమ్మని, చల్లటి నీళ్లు తాగొద్దని పది జాగ్రత్తలు చెప్పి పెట్టేసింది. నేను దుప్పట్ల మీద కూలబడ్డాను. ముందుగదిలో అమ్మీ పేరు మీద ఖురాన్ చదువుతున్నారు.

నా తప్పుకు ఒక సాకు ఉంది. అమ్మీ పోయిన రోజే మా అన్న, కొమురవ్వ కొడుకు చంద్రమౌళికి ఫోను చేశాడు. "అన్నా, మా అవ్వకు మాత్రం చెప్పకున్రి. గుండెకు స్టెంటేసి పది దినాలు సుత కాలే. మనసుకు తగిలే మాటలు జర ఆపున్రి అన్నడు డాక్టరు. నెల పోనియ్యున్రి, నేనే మెల్లగ చెప్త" అన్నాడతను. తల్లికి ఏదో సరుకు పని అని చెప్పి ఒక్కడే వచ్చాడు, కబరస్తాన్‌లో పిడికెడు మట్టి వేసి వెళ్లాడు. అంచేత నేను కొమురవ్వ ప్రాణం కాపాడడానికి అబద్ధమాడానని ఎవరికైనా చెప్పుకోవచ్చు.

అసలు సంగతి అది కాదు. అది దాచుకుని ఈ కథ చెప్పడం నాకు చేతకాదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను.

నేను పిరికిదాన్ని. యాభై ఆరేళ్లు వచ్చాయి, ఇంజక్షన్ సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ మంగళవారం మధ్యాహ్నం అన్న డాక్టరును తేవడానికి వెళ్లాడు. వదిన మందుల షాపుకు వెళ్లింది. గదిలో అమ్మీ, నేను. మాలో ప్రాణం పోయే మనిషి చెవిలో కలిమా చదవాలి, మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్లు చుక్కలు చుక్కలుగా నోట్లో పోయాలి. ఆ పని నాదే. అమ్మీ ఊపిరి గురగురమంటూ ఆగుతోంది, మళ్లీ వస్తోంది. ఒకసారి కళ్లు తెరిచింది. నన్ను చూసింది. చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. "చెంచా తెస్తా అమ్మీ" అని బయటికి వచ్చి, మేడమెట్ల కింద కూర్చుని, రెండు చెవులూ మూసుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చేతులు తీసినప్పుడు లోపల ఏ చప్పుడూ లేదు. అప్పుడు లేచి వెళ్లాను.

అన్న వచ్చి అడిగాడు. "కలిమా చదివావా?" చదివానన్నాను. "నీళ్లు?" పోశాను, మింగిందన్నాను. మా అన్న నా తల పట్టుకుని ఏడ్చాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ, కానీ ఆ ఏడుపు ఏ భాషలో అయినా అంతే. తర్వాత వచ్చినవాళ్లందరికీ అతనే చెప్పాడు, గజాలా చేతి నీళ్లు తాగి పోయిందని. ముసలమ్మలు నా చేతుల్ని ముద్దు పెట్టుకున్నారు.

వాళ్లందరూ విని ఊరుకున్నారు. కొమురవ్వ ఊరుకోదు. ఎన్నింటికి, ఎటు తిరిగి పడుకుంది, ఏమంది, నువ్వేమన్నావు, అప్పుడు ఎండ ఎక్కడిదాకా వచ్చింది అని అడుగుతుంది. అమ్మీ స్నేహంలో డెబ్బై ఐదేళ్లు ఉన్న మనిషి అలాగే అడుగుతుంది. ఆమె ముందు నేను నిలవలేను. అమ్మీ పోయిందని చెప్పనంతకాలం ఎలా పోయిందో చెప్పక్కర్లేదు. అందుకే నేను తాహెరాబీని అయ్యాను.

మా అమ్మీ గురించి చెప్పాలి. పుట్టింది సిరిసిల్లలో. తండ్రి ఉర్దూ బడి పంతులు. గోడ అవతల పద్మశాలీల ఇల్లు, అందులో తనకంటే ఏడాది పెద్దదైన కొమురవ్వ. పదిహేనేళ్లకు పెళ్లయి కోరుట్ల వచ్చింది. నాకు ఆరేళ్లప్పుడు మా అబ్బా పోతే బీడీలు చుట్టి మమ్మల్ని సాకింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మేమిద్దరం ఎదురుగా కూర్చుని సాంఘికశాస్త్రం పుస్తకం పైకి చదవాలి. లెక్కలూ సైన్సూ ఆమెకు పట్టవు. రాజులు, యుద్ధాలు, చెరువులు తవ్వించినవాళ్లు కావాలి. మేం ఒక పేజీ ఎగ్గొడితే చేతిలో బీడీ ఆగిపోయేది. "కుతుబ్‌షా తర్వాత వెంటనే నిజామా? మధ్యలో నలభై ఏళ్లు ఎవరు మింగారు?" అనేది. తను చదివింది ఏడో క్లాసు.

ఆమెతో ఎక్కడికీ వెళ్లలేకపోయేవాళ్లం. మల్లాపూర్‌లో మా మేనమామ కూతురి నిఖాకు బయల్దేరి, దారిలో పొలం గట్టున గుర్రం మీద మనిషి చెక్కిన రాయి కనిపించిందని బస్సు ఆపించి దిగిపోయింది. ఆ రాయి ఎవరిదో ఆ ఊళ్లో ముసలాళ్లందరినీ అడిగి తెలుసుకుని వచ్చేసరికి అక్కడ బిర్యానీ గిన్నెలు కడుగుతున్నారు. జగిత్యాలలో కోట గోడకు ఎవరో సున్నం వేసి ఎన్నికల రాతలు రాస్తుంటే కుర్రాళ్ల చేతిలో బ్రష్షు లాక్కుంది. నేను ఇరవై అడుగుల అవతల నిలబడి, ఆమెవరో నాకు తెలియదన్నట్టు చెప్పులు చూసుకున్నాను. నా మొదటి కాన్పుకు నర్సు బయటికి పొమ్మంటే పోలేదు. "నువ్వు పుట్టకముందు నుంచి దీనికి నేను తల్లిని" అని కాన్పుగదిలో నా తల పక్కన నిలబడే ఉంది, పదకొండు గంటలు.

ఆమెకు భయమంటే ఏంటో తెలియదని నేననుకునేదాన్ని. ఆమె కడుపున నేనెలా పుట్టానో అని కూడా అనుకునేదాన్ని.

ముసలితనంలో ఆమెకు శుక్రవారాలు అలవాటయ్యాయి. మగవాళ్లు జుమ్మా నమాజుకు తయారయ్యేలోపు, పది గంటలకు, సిరిసిల్లకు ఫోను. ప్రతి శుక్రవారం కొమురవ్వను ఒక ప్రశ్న అడిగేది. మీ వీధిలో గుంటమగ్గాలు ఎన్ని ఉండేవి? మొదటి సాంచ ఎవరి ఇంటికి వచ్చింది? మానేరు పొంగిన ఏడు ఏ ఇల్లు కూలింది? కొమురవ్వ చెప్పింది నోటుబుక్కులో రాసుకునేది. రాజుల సంగతి ఎవరో ఒకరు రాస్తారు, కొమురవ్వ వీధి సంగతి ఎవరు రాస్తారు అనేది. అలా పదకొండు పుస్తకాలు నిండాయి. అన్నీ ఉర్దూలో.

నాకు ఉర్దూ చదవడం రాదు. అన్న ఉర్దూ మీడియం, నేను తెలుగు మీడియం. ఇంట్లో మాట్లాడే భాషను రాస్తే ఒక్క అక్షరం పోల్చుకోలేను. మా ఊళ్లలో నాలాంటివాళ్లు బోలెడు మంది. ఇన్నేళ్లూ అదొక లోటని అనిపించలేదు. ఇప్పుడు శుక్రవారం వస్తోందంటే ఆ లోటు గొంతు మీద కూర్చుంది.

ఎందుకంటే కొమురవ్వ ప్రశ్న కోసం ఎదురుచూస్తుంది. అమ్మీ ఏం అడిగిందో, ఏం అడగలేదో ఆ పుస్తకాల్లో ఉంది. అవి నా ముందు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండో శుక్రవారానికి నేను జగిత్యాలలో మా ఇంటికి వచ్చేశాను. నాకు ఇక్కడ లేడీస్ టైలర్ షాపు ఉంది. పది కాగానే షట్టరు సగం దించి, కత్తిరించిన జాకెట్ ముక్కల మధ్య కూర్చుని, తల మీద కొంగు వేసుకుని, వెంట తెచ్చుకున్న అమ్మీ ఫోనులోంచి చేశాను. కొంగు ఎందుకో అడగొద్దు. అమ్మీ అలాగే వేసుకునేది.

"ఈసారి ఏమడుగుతవే?" అంది కొమురవ్వ ఉషారుగా.

"మీ వాడకట్టుకు కరెంటు ఎప్పుడొచ్చింది?"

అవతల సాంచెల మోత ఒక్కటే.

"నిరుడే చెప్పిన గదనే. ఎవలింట్ల ఫస్టు బుగ్గ ఎలిగింది, ఎవలు దండం పెట్టిన్రు అన్ని రాసుకుంటివి. మతి పోయిందా నీకు?"

"జరం తోని మర్చిపోతున్న కొమురా."

"జరంతోనా, ముసల్తనంతోనా?" అని పకపకా నవ్వింది. ఆ రోజు రెండు పంజాబీ డ్రస్సులు అడ్డంగా కత్తిరించాను.

తర్వాత ఒక ఉపాయం కనిపెట్టాను. అడగడం మానేసి, "ఈ వారం నువ్వే ఏదన్న చెప్పు" అన్నాను. కొమురవ్వకు చెప్పడం అంటే పండగ. ఆమె చెప్పింది ఊరి చరిత్ర కాదు, మా అమ్మీ చరిత్ర. అబ్బా పోయాక అమ్మీ మూడు నెలలకోసారి సిరిసిల్ల వెళ్లేది, బీడీల కంపెనీ పని అని మాతో చెప్పి. "యాదికున్నదా? గడపల కాలు పెట్టంగనే మొదలుపెడుదువు. పొద్దుగూకేదాక ఏడిసి, మొఖం కడుక్కొని, ఇగ పోత, పిల్లలు సూస్తరు అని బస్సెక్కుదువు. నేను నీ ఎంబడి బస్సుల అడ్డా దాక అచ్చేదాన్ని" అంది కొమురవ్వ.

మేం అమ్మీ కళ్లల్లో నీళ్లు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు షాపులో కూర్చుని వినకూడనిది విన్నాను. ఆ మాటలు చెప్పినది తాహెరాకు. నేను దొంగదాన్ని. దొరికిపోతానన్న భయం ఒకటి, దొరక్కపోతే ఇంకా ఏమేం వినాల్సి వస్తుందోనన్న భయం ఇంకొకటి. ఫోను మోగితే చాలు, చేతిలో కత్తెర జారిపోయేది.

ఐదో శుక్రవారం అయ్యాక, తల్లి గుండె కోసమే నేను అమ్మీలా మాట్లాడుతున్నాననుకుంటున్న చంద్రమౌళి ఫోను చేశాడు. "అక్కా, అవ్వను కరీంనగర్ తీస్కపోయిన. గుండె మంచిగున్నదట. ఇగ చెప్పచ్చు, ఏం కాదన్నడు డాక్టరు. ఇయ్యాల పొద్దుమూకి చెప్త."

ఆ మాటకు నేను సంతోషించాలి.

"ఇంకో రెండు వారాలు ఆగు తమ్మీ" అన్నాను.

"ఎందుకక్కా?"

"నలభయ్యో దినం కానియ్యి. మా దాంట్ల గట్లనే ఉంటది."

మాలో అలాంటిదేమీ లేదు. నా భయానికి మతాన్ని కూడా అడ్డం పెట్టాను. పాపం చంద్రమౌళి నమ్మాడు. ఆ రోజుతో నా సాకు చచ్చిపోయింది. అప్పటినుంచి నేను ఎవరి ప్రాణమూ కాపాడటం లేదు.

ఆరో శుక్రవారం కొమురవ్వ గొంతు మారింది. కొంచెం తగ్గించి అడిగింది.

"తాహెరా, మీ అవ్వ పోయిన దినం ముచ్చట రాసినవా లేదా?"

మా అమ్మమ్మ అమ్మీ చిన్నప్పుడే గత్తరలో పోయిందని మాత్రం నాకు తెలుసు. గత్తర అంటే కలరా. అంతకుమించి అమ్మీ ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు.

"రాసిన" అన్నాను.

"నిజంగ రాసినవా?" ఆమె గొంతులో అంత ఆశ్చర్యం ఎందుకో నాకు అర్థం కాలేదు. "అయితే వచ్చే శుక్రారం చదివి చెప్పు. చెవు పెట్టి ఇంట. ఎన్నేండ్ల సంది అడుగుతున్న, రేపు రాస్త రేపు రాస్త అంటివి."

ఆ ఆదివారం కోరుట్లలో నలభయ్యో రోజు ఫాతెహా. దావత్ అయిపోయి చుట్టాలు వెళ్లాక పదకొండు పుస్తకాలూ అన్న ముందు పెట్టాను. అమ్మమ్మ గురించి ఎక్కడుందో చూడమన్నాను. అతను ఒక్కొక్కటీ తిప్పాడు. వీధులు, బావులు, మగ్గాలు, వరదలు, మసీదు కట్టిన మేస్త్రీల పేర్లు. తొమ్మిదో పుస్తకంలో ఆగాడు.

"ఇక్కడ 'మా అమ్మ' అని రాసింది."

"చదువు భాయ్."

"అంతే ఉంది. కింద ఏం లేదు. ఒక తారీఖు కూడా వేయలేదు." అతను నా మొహం చూశాడు. "ఇప్పుడెందుకు నీకు ఇదంతా?"

చెప్పక తప్పలేదు. ఫోన్ల సంగతి చెప్పాను. నలభై రోజుల ఏడుపు తుడుచుకున్న మనిషి, ఒక్కసారి నిప్పు తొక్కినట్టు లేచాడు.

"మట్టిలో ఉన్నదాని గొంతు పెట్టుకుని మాట్లాడుతున్నావా? తౌబా చెయ్ గజ్జూ, అల్లాను క్షమాపణ అడుగు! ముసల్దానికి చివరి చూపు ఎలాగూ లేకుండా చేశాం, ఇప్పుడు ఏడుపు కూడా లేకుండా చేస్తావా? వెళ్లి చెప్పు." తర్వాత గొంతు తగ్గించాడు. "నీకు భయమేంటి చెప్పు? అమ్మీ చెవిలో కలిమా చదివినదానివి. అంతకంటే ధైర్యం ఏముంటుంది?"

నేను అన్నాల కింద పరిచిన దస్తర్‌ఖాన్ మడతపెడుతూ తల వంచుకున్నాను. ఆ మాట కంటే అతను నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

ఏడో శుక్రవారం నా దగ్గర చదవడానికి ఏమీ లేదు. కళ్లద్దాలు పగిలాయన్నాను. కొమురవ్వ నమ్మలేదు.

"నువ్వు రాయలే. నాకెరుక. ఈసారి నేనే అస్తున్న కోరుట్లకు. అచ్చే శుక్రారం. గుండె మంచిగున్నది, బస్సెక్కుత. నేను చెప్త, నువ్వు నా ముంగట కూసోని రాయి. మనిద్దరం పోయినంక గాముచ్చట ఎవ్వలకెరుక ఉంటది?"

వద్దనే లోపే పెట్టేసింది. నిమిషానికి చంద్రమౌళి ఫోను. "అక్కా, అవ్వ సంచి సర్దుతున్నది. నేను ఇగ ఆగ. రేపే చెప్త."

"నువ్వు చెప్పకు. నేనే వచ్చి చెప్త." ఆ మాట ధైర్యంతో అన్నది కాదు. అతను చెబితే ఆమె నాకే ఫోను చేసి అడుగుతుంది, ఎలా పోయిందని. ఆ ఫోను మోగడం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

గురువారం పొద్దున జగిత్యాలలో బస్సెక్కాను. వేములవాడ వచ్చేదాకా బస్సు చెడిపోవాలని కోరుకున్నాను. అది చెడిపోలేదు. దారంతా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. మంగళవారం, మధ్యాహ్నం రెండు, నేను పక్కనే ఉన్నాను, కలిమా చదివాను, నీళ్లు పోశాను, మింగింది. నలభై మందికి చెప్పిన మాటలే, నలభై ఒకటో మనిషికి చెప్పడానికి ఏమవుతుంది? సిరిసిల్ల బస్సుల అడ్డా దగ్గర దిగాను.

వీధి మలుపు తిరగ్గానే సాంచెల మోత. ఇల్లిల్లూ మోతే. చంద్రమౌళి సాంచెల మధ్య తెగిన పోగు ముడేస్తున్నాడు, నన్ను చూసి కళ్లతోనే లోపలికి వెళ్లమన్నాడు. నడుమగదిలో కొమురవ్వ గోడకు ఆనుకుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి మొహం విప్పారింది.

"గజాలా! ఎప్పుడచ్చినవ్ బిడ్డా?" అంది. అని, నా భుజం మీదుగా గుమ్మంలోకి చూసింది. "మీ అవ్వేది? ఎనుక నడిసొస్తున్నదా?"

"పెద్దమ్మా, అమ్మీ లేదు" అన్నాను.

"ఆఁ?" చెయ్యి చెవికి ఆనించింది.

"అమ్మీ లేదు పెద్దమ్మా. పోయింది."

"ఏడికి పోయింది? గట్టిగ చెప్పు, మోతల ఇనవడ్తలే."

ఏడు వారాలు నేను గొంతు తగ్గించి బతికాను. ఆ సాంచెల మోతే నా అబద్ధాన్ని కాపాడింది. ఇప్పుడు అదే మోతలో ఆ మాటను బజారులో కూరగాయలు అమ్మేదానిలా అరవాల్సి వచ్చింది.

"అమ్మీ సచ్చిపోయింది!"

ముందుగదిలో చంద్రమౌళి విన్నాడు. మెయిన్ ఆపేశాడు. ఆరు సాంచెలూ నిలిచిపోయాయి.

కొమురవ్వ చేతిలో కండె కింద పెట్టింది. "ఎప్పుడు?"

"ఏడు వారాలు దాటింది."

ఆమె వేళ్లు మడిచింది. ఒక్కొక్క శుక్రవారం లెక్కపెడుతోందని నాకు తెలుసు. ఏడో వేలు దగ్గర ఆగింది. "గయితే నేను ఎవ్వలతోని మాట్లాడిన?"

"నాతోని."

చెంప మీద కొట్టింది. ఎనభై అయిదేళ్ల చెయ్యి, అయినా నా చెవి గింగురుమంది. చంద్రమౌళి గోలీ, నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గ్లాసు తోసేసింది. "నా కడసూపు మింగిన్రు గదరా! మొగన్ని సాగదోలిన, పెద్దకొడుకును సాగదోలిన, గప్పుడు పోని పానం తాహెరా పోయిందంటె పోతదా? పోతె పోనీ. నా దోస్తు కోసం పోతది, మీకేం నొప్పి?"

తర్వాత శోకం ఎత్తుకుంది. మా ఇళ్లల్లో గట్టిగా ఏడవనివ్వరు, అంతా ఊరడింపుల కిందే అణిగిపోతుంది. కొమురవ్వ నా మెడ మీద పడి, నన్ను ఊపుతూ, పాడుతున్నట్టు ఏడ్చింది. గోడ దుంకి అచ్చినవ్ తాహెరా అంది. బడి పలక మీద నా పేరు నువ్వే రాస్తివి అంది. పిల్లల కోసం బీడీల చాట ఎత్తుకున్నవ్, సచ్చినోళ్ల పేర్లన్ని కూడవెట్టినవ్, నన్నిడిసి పోతివా అంది. అమ్మీ బతుకంతా వరసగా వచ్చింది ఆ ఏడుపులో, ఒక్క ఏడు కూడా తప్పకుండా. ఏడు వారాలుగా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ల సాంచెలు కూడా ఆగిపోయాయి. ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి కళ్లొత్తుకున్నారు, ఎవరు పోయారో తెలియకపోయినా.

వాళ్లు వెళ్లాక కొమురవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను భయపడ్డ ఘడియ అదే.

"ఇగ చెప్పు. ఎట్ల పోయింది? పక్కపొంటి ఎవ్వలున్నరు?"

"నేనే ఉన్న. మంగళారం, రెండు కొట్టింది. కలిమా చదివిన, నీళ్లు..."

"నీ దిక్కు సూసిందా?"

"సూసింది."

"ఏమన్నది?"

వల్లె వేసిన మాటల్లో దానికి జవాబు లేదు. అమ్మీ ఏమందో నాకు తెలియదు. నేను లేను. అదే చెప్పాను. చెంచా తెస్తానన్నది, మెట్ల కింద కూర్చున్నది, చెవులు మూసుకున్నది, ఆమె చాపిన చెయ్యి, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఇంకో దెబ్బ కోసం చెంప బిగబట్టుకుని ఉన్నాను. చంద్రమౌళి లేచి సాంచెల గదిలోకి వెళ్లిపోయాడు, వినకూడదని.

కొమురవ్వ కొట్టలేదు. కండెల బుట్ట పక్కకు జరిపింది.

"మీ అమ్మమ్మకు గత్తరచ్చిన్నాడు తాహెరాకు తొమ్మిదేండ్లు" అంది. "ఆమె మంచంల పడి, తాహెరా తాహెరా అని పిలుస్తున్నది. ఈ పోరి ఉరికచ్చి మా ఇంట్ల జొరవడ్డది. నా బాపు గుంటమగ్గం మీద నేస్తున్నడు. ఆయిన కాళ్ల సందుకెల్లి గుంటల దిగి కూసున్నది. మీ తాత అచ్చి పిలిచిండు, రాలే. నేను గుంజిన, నా చెయ్యి కొరికింది. పొద్దంత గుంటలనే ఉన్నది, చెవులు మూసుకొని. ఎల్లినంక సూస్తె మట్టి సుత అయిపోయింది."

నేను ఆమె మోకాలి దగ్గరికి జరిగాను.

"ఆమె ఎవ్వలకు చెప్పలే. నాకొక్కదానికే ఎరుక. ఊరోళ్ల సావులన్ని అడిగి రాసింది, సొంత అవ్వది రాయ చేతకాలే. రాయవే, బరువు దిగుతదంటె, రేపు రాస్త అనేది. నువ్వు లేచి బయటికి పోంగనే ఆమెకు ఎరుకై ఉంటది బిడ్డా, ఎందుకు పోయినవో. ఆమెకంటె ఎక్కువ ఎవ్వలకెరుక?"

ఆ మాటతో నా బరువు దిగిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. దిగలేదు. అమ్మీ చివరి ఊపిరి ఒంటరిదే, అందులో మార్పు లేదు. కానీ ఏ భయమూ లేదనుకున్న మనిషి నాలాగే చెవులు మూసుకుని కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లగా కనిపించింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. మా అన్నకు కూడా నిజం చెప్పాలని అక్కడే అనుకున్నాను. అది వేరే భయం.

కోడలు తెచ్చిన చాయ్ తాగాక కొమురవ్వ నా వైపు తిరిగింది. కళ్లు వాచిపోయాయి గానీ చూపు గట్టిగానే ఉంది.

"ఒక మాట ఇయ్యి గజాలా. నేను పోయేటప్పుడు నువ్వు లోపటుండాలె. చంద్రమౌళి ఫోన్ చేస్తడు. ఏ పనున్న ఇడిసి రావాలె."

"చంద్రమౌళి ఉంటడు గద పెద్దమ్మా. కోడలుంటది. నాతోని కాదు. నాకు భయం."

"వాండ్లకు నేను పోతనని దుఃఖం ఉంటది. పోవుడంటె భయమేందో వాండ్లకెరుకలే. నాకు సుత భయమే బిడ్డా. గందుకే నిన్ను రమ్మంటున్న."

వస్తానన్నాను.